తడి మట్టిలోనే వాడిపోతున్న మొక్కలు
పెరటి తోట: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ముసురు పట్టిన నెలల్లో వచ్చే ఉత్తరాలు ఇంచుమించు ఒక్కటే అడుగుతాయి: "ఆకులు వాలిపోయాయి, ఏం మందు కొట్టమంటారు?" మందు సంగతి తర్వాత చూద్దాం. మొక్క పొద్దున్నే వాలి ఉంటోందా, ఎండెక్కాక వాలుతోందా? కుండీ అడుగున తడి ఉందా, లేదా? ఆకు తిరగేస్తే వెనక ఏం కనిపిస్తోంది? ఈ మూడూ రాసి పంపితే సగం జవాబు మీ ఉత్తరంలోనే దొరుకుతుంది. ఈసారి ఆకులు వాలడం, ఉబ్బడం, ముద్దకట్టడం గురించి వచ్చిన ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాం.

ప్రశ్న: డాబా మీద 20 లీటర్ల పెయింటు బకెట్లలో టమాటా పెంచుతున్నాను. ఉదయం, సాయంత్రం తప్పకుండా నీళ్ళు పోస్తున్నా ఆకులు కిందికి వంగి వేలాడుతున్నాయి. నీళ్ళు ఇంకా పెంచాలా? (అమలాపురం నుంచి ఒక పాఠకురాలు)

వద్దమ్మా, ఆ చెంబు కాసేపు పక్కన పెట్టండి. మీరు రాసిన లక్షణాలు నీళ్ళు చాలనివి కావు, ఎక్కువైనవి.

ఆకును వేళ్ళ మధ్య పట్టుకుని చూడండి. దాహంతో వాడిన ఆకు పల్చగా, మెత్తగా, కాగితంలా ఉంటుంది. బకెట్ ఎత్తితే తేలిగ్గా వస్తుంది. నీళ్ళు ఎక్కువైన మొక్క ఆకు అలా ఉండదు. బిరుసుగా, బరువుగా ఉంటుంది. వంపు ఆకులో కాదు, కాడలో మొదలవుతుంది. కాడ కాండం దగ్గర నుంచే విల్లులా కిందికి వంగి, ఆకు కొస లోపలికి తిరుగుతుంది. ఈ వంపుకు కారణం ఇథిలిన్ వాయువు. రావులపాలెం అరటి గెలలను గదుల్లో పండించడానికి వాడేది కూడా ఇదే. వేళ్ళకు గాలి అందకపోతే ఇథిలిన్‌కు ముడిసరుకు వేరులో పేరుకుని, రసంతో పాటు పైకెక్కి, ఆకు కాడలో ఇథిలిన్‌గా మారుతుంది. అప్పుడు కాడ పైభాగం కింది భాగం కన్నా వేగంగా పెరుగుతుంది, దాంతో కాడ కిందికి వంగుతుంది.

మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో గాలి ఉండాలి. ఆ ఖాళీలన్నీ నీటితో నిండితే ప్రాణవాయువు వేరును చేరలేదు. గాలిలో కన్నా నీటిలో అది సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. ఊపిరాడని వేరు నీటిని పీల్చలేదు. చుట్టూ నీళ్ళున్నా మొక్క దాహంతోనే ఉంటుంది. అది చూసి మనం మరో చెంబు పోస్తాం. మన గోదావరి డెల్టా ఇళ్ళలో కుండీ మొక్కల్ని ఎక్కువగా చంపేది ఈ రెండో చెంబే.

ఇప్పుడు చేయవలసింది చెబుతాం. ఒక వెదురు పుల్లను బకెట్ అడుగు తాకేదాకా గుచ్చి, పది నిమిషాలు ఉంచి లాగండి. పైన రెండు అంగుళాలు పొడిగా ఉండి, కింద బురద అంటుకుని వస్తే సమస్య అడుగున ఉన్నట్టే. పుల్ల వాసన చూడండి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తే అక్కడ గాలి అసలు లేదు. బకెట్‌ను పక్కకు వంచి ఒక గంట ఇటుకకు ఆనించండి. ఎంత నీరు కారుతుందో చూస్తే మీకే తెలుస్తుంది. అడుగున సెంటీమీటరు వెడల్పు రంధ్రాలు ఆరైనా ఉండాలి. పక్కగోడకు కూడా కింది నుంచి అంగుళం ఎత్తులో రెండు వేయండి. బకెట్‌ను నేరుగా స్లాబు మీద పెట్టకుండా మూడు ఇటుక ముక్కల మీద నిలపండి. లేకపోతే స్లాబే రంధ్రాలకు మూతవుతుంది.

చాలామంది అడుగున గులకరాళ్ళు, పెంకులు పరిస్తే నీరు బాగా దిగుతుందనుకుంటారు. జరిగేది వేరు. సన్నటి మట్టిలోని నీరు కింద ఉన్న పెద్ద ఖాళీల్లోకి తేలిగ్గా దిగదు. రాళ్ళ పైనే ఆగుతుంది. రెండంగుళాల రాళ్ళు వేస్తే ఆ బురద పొర రెండంగుళాలు పైకి జరిగి, వేళ్ళకు దగ్గరవుతుంది. రంధ్రానికి అడ్డంగా చిన్న నైలాన్ వల ముక్క వేస్తే చాలు.

మొక్క తేరుకుంటుందో లేదో దాని వేళ్ళే చెబుతాయి. మట్టి పక్కకు తీసి ఒక పిల్లవేరును రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా లాగండి. తెల్లగా, గట్టిగా ఉంటే నీళ్ళు ఆపండి, రెండు మూడు రోజులు నీడలో ఉంచండి, అదే లేస్తుంది. గోధుమరంగులో ఉండి, పైతోలు ఒరలా ఊడి చేతిలోకి వచ్చి, లోపల దారం మాత్రం మిగిలితే వేరుకుళ్ళు పట్టినట్టు. అప్పుడు మొక్కను తీసి, కుళ్ళిన వేళ్ళను స్పిరిట్‌తో తుడిచిన బ్లేడుతో కోసి, పైకొమ్మల్లో మూడో వంతు తగ్గించి, కొత్త మట్టిలో నాటాలి. నాటేటప్పుడు 10 గ్రాముల ట్రైకోడెర్మా విరిడిని మాగిన పశువుల ఎరువులో కలిపి వేయండి. ట్రైకోడెర్మా బతికి ఉన్న శిలీంధ్రం. దాని వెనకే రాగి మందు (రాగి కలిసిన తెగుళ్ళ మందు) పోస్తే అది దెబ్బతినవచ్చు.

మట్టి పాళ్ళు: మన నల్ల ఒండ్రు మట్టి ఒక్కటే నింపితే కుండీలో సిమెంటులా బిగుస్తుంది. లంక మట్టి గానీ ఎర్రమట్టి గానీ నాలుగు పాళ్ళు, మాగిన ఎరువు మూడు పాళ్ళు, కాల్చిన ఊక గానీ ముతక ఇసుక గానీ మూడు పాళ్ళు కలపండి. కడియం వైపు నర్సరీల నుంచి తెచ్చిన మొక్కకు చుట్టూ బంకమట్టి గడ్డ ఉంటే, దాన్ని అలాగే గుల్ల మట్టిలో దించకండి. నీరు గడ్డ చుట్టూ జారిపోయి లోపల పొడిగానో, లోపలికి చేరి ఆరకుండానో ఉంటుంది. గడ్డ అంచుల్ని వేళ్ళతో విప్పి, వేరు కొసలు బయటికి తీసి నాటండి.

వాలిన మొక్కకు యూరియా వేయకండి. పీల్చలేని వేరు చుట్టూ లవణం పెరగడం తప్ప లాభం లేదు.

ప్రశ్న: మూడు రోజుల ముసురు తర్వాత ఎండ రాగానే బెండ, వంగ ఒక్కసారిగా తలలు వాల్చాయి. వానలో బాగానే ఉన్నాయి కదా! (కొత్తపేట)

వానలో ఆకు నుంచి ఆవిరయ్యే నీరు తక్కువ కాబట్టి వేరు దెబ్బతిన్నది బయటపడలేదు. ఎండ తగలగానే ఆకు అడిగినంత నీరు సగం చచ్చిన వేరు ఇవ్వలేకపోయింది. నీళ్ళు పోయకండి. పాత చీరో, షేడ్‌నెట్టో రెండు రోజులు మధ్యాహ్నం పూట కప్పండి. పెరట్లో అయితే మొక్కల వరస పక్కన జానెడు లోతు కాలువ తీసి నిలవ నీరు బయటికి పంపండి. మట్టి చేతికి అంటనంతగా ఆరాక పైపైన గుల్ల చేయండి. కొత్త చిగురు కదలడం మొదలయ్యాక లీటరు నీటికి 5 గ్రాముల 19-19-19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉండేది) కలిపి ఆకుల మీద చల్లవచ్చు. అంతకు ముందు వద్దు.

ప్రశ్న: బీర, గుమ్మడి తీగలు మధ్యాహ్నం పూర్తిగా వాడి, సాయంత్రానికి లేస్తున్నాయి. జబ్బా? (తణుకు)

కాదు. పెద్ద ఆకులు మధ్యాహ్నపు ఎండకు అలా వాలడం సహజం. సాయంత్రం ఆరింటికల్లా లేస్తే వదిలేయండి. పొద్దున్న ఏడింటికి కూడా వాలే ఉంటే అప్పుడు వేరు చూడండి. వేళ్ళ మీద పూసల్లా ముడులు ఉంటే నులిపురుగులు. ఆ మట్టిలో మొక్కకు 100 గ్రాముల వేపపిండి కలిపి, తర్వాతి పంటగా బంతి వేయండి.

ప్రశ్న: పాలీకార్బొనేట్ రేకుల కప్పు కింద టమాటా వేశాను. ఆకుల వెనక చిన్న చిన్న పొక్కులు లేచాయి, ఆకులు ఉబ్బి అంచులు ముడుచుకుంటున్నాయి. దుకాణంలో ఇచ్చిన మాంకోజెబ్ అనే తెగుళ్ళ మందు రెండుసార్లు కొట్టినా తగ్గలేదు. (భీమవరం)

తగ్గదు, ఎందుకంటే అది తెగులు కాదు. నీటి పొక్కు. మట్టి వెచ్చగా, తడిగా ఉండి, గాలి చెమ్మగా, కదలకుండా ఉన్నప్పుడు వేరు నీటిని పంపుతూనే ఉంటుంది, ఆకు మాత్రం ఆవిరి చేయలేదు. ఆ ఒత్తిడికి ఆకు వెనక కణాలు ఉబ్బి, పక్క కణాలను తోసుకుని బయటికి పొడుచుకొస్తాయి. మొదట ముత్యపు పూసలా నీరుపట్టి మెరుస్తాయి. నాలుగు రోజులకు పగిలి బెరడులా గోధుమరంగుకు తిరుగుతాయి.

ఖాయం చేసుకోవడం తేలికే. ఆకును ఎండకు ఎదురుగా పట్టి చూడండి, పొక్కులు పచ్చగా, పారదర్శకంగా కనిపిస్తాయి. వేలితో గట్టిగా రుద్దండి. చిక్కుడు మీద వచ్చే తుప్పు తెగులైతే ఇటుకరంగు పొడి వేలికి అంటుతుంది. నీటి పొక్కు గరుకుగా తగులుతుంది కానీ ఏమీ అంటదు. సూదితో గుచ్చి చూసినా లోపల పురుగు ఉండదు.

మీ దగ్గర మరో కారణం తోడైంది. పాలీకార్బొనేట్ రేకు సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలను ఆపేస్తుంది. ఆ కిరణాలు అందని టమాటా, చిలగడదుంప ఆకులకు ఈ పొక్కులు తొందరగా వస్తాయి. అందుకే పక్కింటి బయలు డాబా మీద అదే రకం టమాటా శుభ్రంగా ఉండవచ్చు.

బకెట్లను రేకు కింద నుంచి బయటికి జరపండి. అది కుదరకపోతే పక్క తెరలు ఎత్తి గాలి ఆడనివ్వండి. మొక్కకూ మొక్కకూ రెండడుగులు ఉండాలి. నీళ్ళు పొద్దున్నే పోయండి. సాయంత్రం పోస్తే రాత్రంతా వేరు తాగుతుంది, ఆకు వదలలేదు. మబ్బు పట్టిన రోజు అసలు వద్దు. ఉన్న పొక్కులు మానవు, ఆ ఆకులన్నీ కోసేయాల్సిన పనీ లేదు. పచ్చగా ఉన్నంతవరకు అవి మొక్కకు ఆహారం ఇస్తూనే ఉంటాయి. కొత్త ఆకులు నునుపుగా వస్తున్నాయా అన్నదే చూడాలి. కార్తీకంలో కాబేజీ ఆకుల వెనక ఇలాంటి గరుకు పొక్కులు వచ్చినా జవాబు ఇదే.

ప్రశ్న: కాపు మీద ఉన్న వంగ మొక్క ఆకు పసుపెక్కకుండానే రెండు రోజుల్లో నిలువునా వాడిపోయింది. పక్క మొక్క ఇప్పుడు మొదలెట్టింది. (ఆత్రేయపురం)

ముందు ఒక్క విషయం తేల్చుకోండి. కొమ్మ కొస మాత్రమే వాలి మిగతా మొక్క నిటారుగా ఉంటే అది కొమ్మ, కాయ తొలిచే పురుగు. వాలిన చోటుకు అంగుళం కింద కోస్తే లోపల లేత గులాబీ రంగు పురుగు కనిపిస్తుంది. ఆ కొసలు తుంచి సబ్బు నీళ్ళలో వేయండి, ఆ పని అక్కడితో సరి.

మీరు రాసినట్టు మొక్కంతా పచ్చగానే వాడితే బాక్టీరియా ఎండు తెగులు అనుమానించాలి. దీనికి ఇంట్లోనే పరీక్ష ఉంది. వాడిన మొక్క మొదట్లో, నేలకు దగ్గరగా, రెండంగుళాల కాండం ముక్క పదునైన కత్తితో కోయండి. గాజు గ్లాసులో తేటనీరు పోసి, కదలకుండా కిటికీ దగ్గర పెట్టండి. ముక్కను దారంతో కట్టి, కింది కోత మాత్రం నీటిలో మునిగేలా వేలాడదీయండి. గ్లాసు వెనక నల్ల కాగితం పెట్టి చూడండి. బాక్టీరియా ఉంటే రెండు నుంచి ఐదు నిమిషాల్లో కోసిన చోటి నుంచి పాలదారం లాంటి తెల్లని తీగ నెమ్మదిగా కిందికి దిగుతుంది. కాసేపటికి నీరంతా మసకబారుతుంది. అవి కాండంలో నీటిగొట్టాలను పూడ్చేసిన బాక్టీరియా, వాటి జిగురు. తీగ రాకుండా, కాండం నిలువునా చీల్చితే గోధుమ చారలు కనిపించి, కింది ఆకులు ముందే పసుపెక్కి ఉంటే అది శిలీంధ్రపు ఎండు తెగులు.

పాలదారం కనిపిస్తే ఆ మొక్కను బతికించే మందు లేదు. వేళ్ళతో సహా, చుట్టూ మట్టితో సహా తీసేయండి. ఎరువు గుంటలో వేయకండి, ఎండబెట్టి కాల్చండి. ఆ మొక్క దగ్గర నుంచి పక్క మొక్కకు నీరు పారకూడదు, ఈ తెగులు పారే నీటితోనే నడుస్తుంది. కత్తి, గునపం స్పిరిట్‌తో తుడవండి. ఆ మడిలో మూడేళ్ళపాటు వంగ, టమాటా, మిరప వేయవద్దు. తోటకూర, చిక్కుడు, మొక్కజొన్న వేసుకోవచ్చు. వేసవిలో మడి తడిపి, పారదర్శకమైన పాలిథిన్ పట్టా అంచులు మట్టితో మూసి, 4 నుంచి 6 వారాలు కప్పి ఉంచితే మట్టిలోని రోగకారకాలు చాలావరకు తగ్గుతాయి. వంగే కావాలంటే ఉస్తి మొక్క మీద అంటుకట్టిన నారు తెచ్చుకోండి. ఉస్తి వేరు ఈ తెగులును బాగా తట్టుకుంటుంది.

ప్రశ్న: పెరట్లో గోంగూర ఏపుగా పెరిగింది. ఆకు ఐదు వేళ్ళలా చీలి ఉంది. ఇరుగుపొరుగు వాళ్ళు అది గంజాయి అంటున్నారు, మాకు భయంగా ఉంది. పైగా కాండం మధ్యలో ఉబ్బి, ఆకులు వాలుతున్నాయి. (రాజోలు)

భయపడకండి. గోంగూరగా మనం తినేవాటిలో గోగు అనే రకం ఉంది, గోగునార తీసేది దీని నుంచే. దీని శాస్త్రీయ నామంలోనే 'కన్నాబినస్', అంటే గంజాయిని పోలినది, అన్న మాట ఉంది. కాబట్టి మీ ఇరుగుపొరుగు పొరబడటంలో వింత లేదు.

తేడా ఇలా పట్టండి. గోగు ఆకు ఎంత లోతుగా చీలినా అడుగున ఒక్కటే ఆకు, చీలికలన్నీ కాడ దగ్గర కలిసి ఉంటాయి. గంజాయిలో ప్రతి చీలికా వేరే చిన్న ఆకు, అన్నీ కాడ కొసన ఒక్క బిందువులో కలుస్తాయి. ఒకదాన్ని తుంచితే రెండోది చెక్కుచెదరదు. గోగు మొక్కకు కింది ఆకులు చీలికలు లేకుండా హృదయాకారంలో ఉంటాయి, కాండం మీద చిన్న ముళ్ళుంటాయి. ఆకు నమిలితే పులుపు. పూస్తే బెండ పువ్వులాంటి లేత పసుపు పువ్వు, మధ్యలో ముదురు ఎరుపు. ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు.

గంజాయి మొక్క ఆకులు వాలుతున్నాయి, ఏం చేయాలని నేరుగా అడిగిన ఉత్తరమూ ఒకటి వచ్చింది. దానికి ఇక్కడ వైద్యం చెప్పం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఆ మొక్క పెంచడం నేరం. 20వ సెక్షన్ కింద పదేళ్ళ వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. కుండీలో ఒకటే కదా అన్న మినహాయింపు చట్టంలో లేదు.

ఇక మీ గోగు కాండం ఉబ్బు. ఉబ్బిన చోట బెరడు గోరుతో గీకి చూడండి. కింద మెలికలు తిరిగిన గాడి కనిపిస్తే మెలికల తొలిచే పురుగు. దాని పిల్లపురుగు బెరడు కింద చుట్టూ తిరుగుతూ తింటుంది, కాండం అక్కడ గడ్డకట్టి, గాలికి అక్కడే విరుగుతుంది. గడ్డకు రెండంగుళాల కింద కోసి కాల్చేయండి. మొదలు నుంచి మళ్ళీ చిగురు వస్తుంది. అలా కాకుండా మొదట్లో, నేలను ఆనుకుని, నల్లటి పట్టీలా కుళ్ళి ఉంటే మొదలుకుళ్ళు. రాగి మందు పోసి నిలబెట్టడం కన్నా పీకేసి, ఎత్తు మడి కట్టి మళ్ళీ విత్తడమే మేలని మా అభిప్రాయం. ఆకు నెల రోజుల్లో చేతికొస్తుంది, మందు పడ్డ ఆకు తినాల్సిన పనీ ఉండదు.

ప్రశ్న: ముద్దమందారం చిగుళ్ళు పిడికిలిలా ముడుచుకుని, ఆకులు దళసరిగా ఉబ్బి, పువ్వు విచ్చడం లేదు. (పాలకొల్లు)

ఆ పిడికిలిని విప్పండి. ముడతల మధ్య తెల్లటి పిండి, దాని కింద గులాబీ రంగు శరీరం ఉన్న చిన్న పురుగులు కనిపిస్తాయి. గులాబీ పిండినల్లి ఇది. రసం పీల్చేటప్పుడు దాని లాలాజలం చిగురులోకి వెళ్ళి, కణుపులు దగ్గరై, ఆకు దళసరిగా ముడుచుకుంటుంది. ఒకసారి ముడుచుకున్న చిగురు మందు కొట్టినా విప్పుకోదు, మందు లోపలికీ చేరదు. కాబట్టి మొదటి మందు కత్తెర. ముద్దకు ఆరంగుళాల కింద కత్తిరించి, అక్కడే సబ్బు నీళ్ళ బకెట్లో ముంచండి. కొమ్మలు చేత్తో మోసుకుంటూ పెరడంతా తిరిగితే పిల్లపురుగులు రాలి మిగతా మొక్కలకు ఎక్కుతాయి.

మిగిలిన కొమ్మలకు లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి చాలినంత ద్రవ సబ్బు కలిపి, ఎండ తగ్గాక ఆకుల వెనక తడిసేలా కొట్టండి. వారానికోసారి మూడు సార్లు. బట్టలు ఉతికే పొడి వాడకండి, ఆకు మాడుతుంది. చీమలను ఆపకపోతే ఇదంతా వృథా. పిండినల్లి వదిలే తీపి రసం కోసం చీమలు దాన్ని శత్రువుల నుంచి కాపాడతాయి. మొదలుకు గుడ్డ పట్టీ చుట్టి దాని మీద గ్రీజు రాయండి, బెరడుకు నేరుగా రాయకండి.

ఒక జాగ్రత్త. పిండినల్లుల మధ్య వాటికన్నా పెద్దగా, తెల్లటి పోగులు వేలాడుతూ చురుగ్గా నడిచే పురుగు కనిపిస్తే చంపకండి. అది పిండినల్లులను తినే అక్షింతల పురుగు పిల్ల.

ప్రశ్న: మిరపలో ముడత వచ్చింది. ఒకాయన తామర పురుగు అన్నారు, ఇంకొకరు నల్లి అన్నారు. (రావులపాలెం)

ఆకు ఎటు ముడిచిందో చూడండి. అంచులు పైకి లేచి దొన్నెలా ఉంటే పై ముడత, తామర పురుగులు. అంచులు కిందికి వంగి, ఆకు తిరగబడిన పడవలా ఉండి, కాడ పొడవు సాగి, ఆకు ముదురు పచ్చగా గిడసబారితే కింది ముడత, తెల్లనల్లి. తెల్ల కాగితం మీద కొమ్మను తట్టితే తామర పురుగులు సన్నటి గీతల్లా పాకుతాయి. తెల్లనల్లి మామూలు కంటికి కనిపించదు, పది రెట్ల భూతద్దం కావాలి. 2021 తర్వాత పూలలో చేరే నల్ల తామర పురుగు కూడా మన మిరపలో ఉంది, కాబట్టి పువ్వునూ తట్టి చూడండి.

కింది ముడతకు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు చొప్పున సాయంత్రం కొట్టండి. మండే ఎండలో గంధకం ఆకును కాలుస్తుంది. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు కూడా గంధకం వాడకూడదు. పై ముడతకు గంధకం పెద్దగా పనిచేయదు. నీలం రంగు జిగురు అట్టలు, వేపనూనె, ఆకులను నీటితో గట్టిగా కడగడం ఇంటి మొక్కలకు సరిపోతాయి. రెండు ముడతలూ లేక ఆకుల మీద పసుపు, పచ్చ మచ్చలు కలగలిసి ఉంటే వైరస్. పీకేయడం తప్ప దారి లేదు.

ప్రశ్న: వేసవిలో కాలువలు కట్టేశాక బోరు నీళ్ళే పోశాం. చిక్కుడు, మిరప ఆకులు దళసరిగా, చిన్నగా మారి అంచులు మాడుతున్నాయి. నీళ్ళు పోసినా వాలుతున్నాయి. (ఉప్పలగుప్తం)

సముద్రానికి, రొయ్యల చెరువులకు దగ్గర ఊళ్ళలో ఇది ఉప్పు పని. మట్టిలో ఉప్పు పెరిగితే తడి ఉన్నా వేరు దాన్ని లాగలేదు. ఆకు నీటిని దాచుకోవడానికి దళసరి అవుతుంది, ఉప్పు అంచుల్లో చేరి మాడుస్తుంది. కుండీ అంచున, మట్టి మీద తెల్లటి పొర కనిపిస్తే సందేహం అక్కర్లేదు.

నీటిలో కరిగిన లవణాలను కొలిచే చిన్న టీడీఎస్ మీటరుతో నీటిని చూడండి. 500 పీపీఎం (లీటరుకు 500 మిల్లీగ్రాములు) లోపు ఉంటే అన్నిటికీ పోయవచ్చు. 1000 దాటితే చిక్కుడు, మిరప, బెండ దెబ్బతింటాయి, టమాటా కొంత ఓర్చుకుంటుంది. 2000 దాటిన నీరు కుండీలకు వద్దు. ఆర్వో యంత్రం వదిలే నీరు బోరు నీటికన్నా ఉప్పగా ఉంటుంది, అదీ వద్దు. ఏసీ నుంచి కారే నీటిలో ఉప్పు ఉండదు, నిక్షేపంగా వాడుకోండి.

ఉప్పు కడగడానికి 20 లీటర్ల కుండీకి 40 నుంచి 60 లీటర్ల మంచినీరు నెమ్మదిగా, విడతలుగా పోసి కింది నుంచి పూర్తిగా కారనివ్వాలి. కొద్దికొద్దిగా రోజూ పోస్తే ఉప్పు కిందికి దిగదు. తొలకరి వానల్లో డాబా మీది కుండీల కింద పళ్ళేలు తీసేస్తే ఆ పని వానే చేస్తుంది.

ఉప్పు మనమే తెచ్చిపోసే దారులు మూడున్నాయి. కడగని కొబ్బరి పొట్టు మొదటిది. కోనసీమలో చవగ్గా దొరుకుతుంది కానీ అందులో సోడియం, పొటాషియం ఎక్కువ. గోనెసంచిలో నింపి మూడుసార్లు నానబెట్టి, పిండి, చివరి నీటి టీడీఎస్ మీరు కడగడానికి వాడిన నీటికి దగ్గరగా వచ్చేదాకా కడగాలి. ఎండుచేపల పొడి ఎరువు రెండోది, ఉప్పు వేసి ఎండబెట్టిన చేప అయితే అసలు వద్దు. మూడోది ఉప్పు వేసిన గంజి. ఉప్పు వేయక ముందు వార్చింది పోయండి.

ప్రశ్న: దాళ్వా (రబీ వరి) చేలో కలుపు మందు కొట్టిన వారానికి మా గట్టు మీది టమాటా, మందారం, బెండ ఆకులు మెలితిరిగి, కాడలు వాలి, కాండం అక్కడక్కడ ఉబ్బి పగిలింది. వైరస్ అంటున్నారు. (ఉండి)

మూడు వేర్వేరు మొక్కలు ఒకే వారంలో, చేను వైపే ఎక్కువగా దెబ్బతిన్నాయంటే వైరస్ కాదు. వరిలో వెడల్పాకు కలుపుకు కొట్టే 2,4-డి గాలికి కొట్టుకొచ్చిన లక్షణాలివి. అది హార్మోను లాంటి మందు. మొక్కను అదుపు లేకుండా పెంచుతుంది. కొత్త ఆకు సన్నగా, తాటాకు విసనకర్రలా, ఈనెలు పక్కపక్కనే బారులు తీరి వస్తుంది. కొబ్బరి, గడ్డి మాత్రం చెక్కుచెదరవు. ఆ తేడా చూస్తే కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. వైరస్ అయితే ఇక్కడొక మొక్క, అక్కడొక మొక్క, ఆకు కదిపితే తెల్లదోమ లేస్తుంది.

దీనికి విరుగుడు మందు లేదు. నీరు మామూలుగా ఇచ్చి, మెలితిరిగిన కొసలు కత్తిరించి, మూడు వారాలు చూడండి. కొత్త చిగురు మామూలుగా వస్తే మొక్క నిలిచినట్టే. అప్పటికే చెట్టు మీదున్న టమాటాలు, బెండకాయలు తినకండి. ఆ చేను గడ్డిని కుండీల మీద పరవకండి.

గాలి వాటం లేకపోయినా ఇదే జరిగిందంటే మీ స్ప్రేయరు చూడండి. కలుపు మందు కొట్టిన డబ్బాతోనే కూరమొక్కలకు వేపనూనె కొడితే, గొట్టంలో మిగిలిన చుక్కలే చాలు. బట్టల సోడా నీటితో మూడుసార్లు నింపి, నాజిల్ గుండా కొట్టి ఖాళీ చేస్తే కొంత పోతుంది. పూర్తిగా పోయిందని నమ్మడానికి లేదు. కలుపు మందు డబ్బాకు ఎర్ర రంగు వేసి విడిగా పెట్టండి, పెరటి మొక్కలకు రెండు లీటర్ల చేతి పంపు వేరే కొనుక్కోండి.

ప్రశ్న: నేరేడు ఆకుల నిండా గోళీల్లా బుడిపెలు. మల్లె ఆకుల మీద తెల్లటి నూగు. చెట్లు చస్తాయా? (నర్సాపురం)

రెండూ చావవు. నేరేడు ఆకు బుడిపె కోసి చూడండి, లోపల చిన్న పురుగు పిల్ల ఉంటుంది. ఆకు దాని చుట్టూ కట్టిన గూడు అది. పెద్ద చెట్టుకు నష్టం లేదు, చిన్న అంటు మొక్కైతే బుడిపెలు పట్టిన లేత ఆకులు తుంచి కాల్చండి. మల్లె మీద నూగు బూజు కాదు, కంటికి కనిపించని నల్లి గీకడం వల్ల ఆకే మొలిపించిన వెంట్రుకలు. నూగు పట్టిన కొమ్మలు కత్తిరించి తీసేసి, గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి పది రోజుల తేడాతో రెండుసార్లు కొట్టండి. మల్లెకు ఎలాగూ కత్తిరింపు వేళ వచ్చినప్పుడు ఈ కొమ్మలతోనే మొదలుపెట్టండి.

ఉత్తరంతో పాటు ఆకు పంపేవారు తడిగుడ్డలో, పాలిథిన్ కవరులో పెట్టకండి, మా చేతికి వచ్చేసరికి కుళ్ళిపోతోంది. రెండు పాత వార్తాపత్రికల మధ్య పరిచి, ఒకటి ముందువైపు, ఒకటి వెనకవైపు కనిపించేలా పెట్టి, నీళ్ళు ఎప్పుడెప్పుడు ఎంత పోస్తున్నారో రాసి పంపండి.